తప్పటడుగులు – దిద్దుబాటు

తెలుగు ఇంటిలో పసిపాప మొదటిసారి లేచి నిలిచి వేయు అడుగునకు పెద్దలు పెట్టిన పేరు తప్పటడుగు. పాప రెండడుగులు వేయును. మూడవ అడుగునకు కూలబడును. పడినందుకు ఎవ్వరును కోపింపరు. తాత చప్పట్లు కొట్టును. అవ్వ చేతులు చాచి రమ్మని పిలుచును. అడుగులకు అరిసెలు, పలుకులకు చిలుకలు పంచిపెట్టుట తెలుగువారి పాత ఆచారము. ఆ అరిసెలు నడక పూర్తిగా వచ్చిన పిమ్మట పంచునవి కావు. పడుచు లేచుచున్న దినములలోనే పంచునవి.

అదే మాటను పెద్దవాని విషయమున వాడినప్పుడు దాని రుచి మారిపోవును. ఫలానివాడు తప్పటడుగు వేసినాడని ఊరు గుసగుసలాడును. పసివాని తప్పటడుగునకు తీపి, పెద్దవాని తప్పటడుగునకు చేదు. మాట ఒక్కటియే కదా, ఈ భేదము ఎక్కడిది? పెద్దవాడు తెలిసి చేసెను గనుక అని కొందరు చెప్పుదురు. అది కొంతవరకు నిజమే. కాని పసివాడు పడినచోటనే ఉండిపోడు, లేచును. పెద్దవాడు అనేక పర్యాయములు పడితినని ఒప్పుకొనుటకే ఇష్టపడడు. అసలు భేదము అచ్చటనే ఉన్నది. తప్పు చేయుట మానవ స్వభావమైనప్పుడు, ఆ తప్పుతో మానవుడు ఏమి చేయవలెను? ధర్మము ఇందుకు ఏమి చెప్పుచున్నది?

తెలుగు భాషయే ఈ విషయమున కొంత దారి చూపుచున్నది. తప్పు అనగా దారినుండి తొలగుట. దారి తప్పిన బాటసారి, గురి తప్పిన బాణము, లెక్క తప్పిన బేరము – వీటియన్నిటి యందును ముందుగా ఒక దారియో, గురియో, లెక్కయో ఉన్నది. కావున తప్పు చేసితినని గుర్తించుట అనగా సరియైన దారి ఒకటి కలదని అంగీకరించుటయే. ఇక దిద్దుట అను మాట మరింత విలువైనది. గురువు పలకమీద వ్రాసి యిచ్చిన అక్షరముపై బాలుడు మరల మరల వ్రాయుటను దిద్దుట అందురు. తప్పుగా వ్రాసినదానిని సరిచేయుటయు దిద్దుటయే. నొసట కుంకుమ తీర్చుటయు దిద్దుటయే. నేర్చుట, సరిచేయుట, అలంకరించుట – ఈ మూడింటికిని పూర్వులు ఒకే మాట పెట్టిరి. 1910లో గురజాడ అప్పారావు తన చిన్న కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టెను. అందు దారి తప్పిన భర్తను భార్య శాపములతో గాక, ఒక ఉత్తరముతోను, చివరకు నవ్వుతోను ఇంటివైపు మరలించుకొనును.

అయినను, ప్రతి కష్టమును తప్పు అను పేరుతో పిలువరాదు. ముందుగా ఈ హద్దు గీయవలెను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి డర్బను రేవునకు చేరెను. అది మొదలు 1911 వరకు లక్షా యాబది వేలకు పైగా జనులు ఒప్పందపు కూలీలుగా నేటాలునకు వచ్చిరి. వారిలో తెలుగువారును ఉండిరి. ఒప్పందము ముగిసిన పిమ్మట తిరిగి పోక, మరల ఒప్పందము చేయక, స్వతంత్రముగా ఉండగోరినవారిపై 1895 నాటి చట్టము ఏటికి మూడు పౌనుల పన్ను విధించెను. 1913 నాటి గొప్ప సమ్మె తరువాత, 1914లో గాని అది తొలగలేదు. చెరకు తోటలలో వీపు వంగిన ఆ అవ్వలు, తాతలు పడిన బాధ వారి తప్పు కాదు. వారికి జరిగిన అన్యాయము. అన్యాయమునకు గురియైనవానితో ‘నీ తప్పునుండి నేర్చుకొనుము’ అని చెప్పుట రెండవ అన్యాయము. తాను చేసిన తప్పును పరులపై మోపుట ఎంత దోషమో, పరులు చేసిన అన్యాయమును తన తప్పుగా మోయుటయు అంతే దోషము.

రెండవ హద్దు విధికి సంబంధించినది. ‘అంతయు తలరాత, పూర్వజన్మ కర్మ’ అని నిట్టూర్చి ఊరకుండుట కొందరికి భక్తివలె కనిపించును. కాని కర్మ అను మాటకు పని అనియే అర్థము. నిన్న చేసిన పని నేటి ఫలమైనచో, నేడు చేయు పని రేపటి ఫలము కావలెను గదా. కర్మ సిద్ధాంతము మానవుని చేతులు కట్టివేయుటకు గాక, ఆ చేతులకు పని ఇచ్చుటకు ఏర్పడినది. తలరాత అని సాకు చెప్పినవారిలో సామాన్యులే కాదు, సాక్షాత్తు ధర్మరాజును ఉన్నాడు.

మహాభారతము నందు ధర్మరాజు జూదమాడెను. రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డి ఓడిపోయెను. ఈ కథ అందరికిని తెలిసినదే. కాని కొందరు మరచునది ఒకటి కలదు. ఆయన రెండుసార్లు జూదమాడెను. మొదటి ఆట తరువాత ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరములిచ్చి పోయినదంతయు తిరిగి ఇప్పించెను. పాండవులు ఇంటిదారి పట్టిరి. దారిలోనే మరల పిలుపు వచ్చెను. ఆ ఆటలోని మోసమును, ఫలమును కండ్లార చూచియు ధర్మరాజు వెనుకకు మరలెను. పెద్దల ఆజ్ఞ అనియు, విధి అనియు చెప్పుకొనెను. ఈసారి పండ్రెండేండ్ల వనవాసము, ఒక ఏడు అజ్ఞాతవాసము మీద పడెను. మొదటి తప్పునకు ఆయన దుఃఖించెను, సిగ్గుపడెను. అయినను దుఃఖించుట వేరు, నేర్చుకొనుట వేరు. కన్నీరు కార్చినవాడెల్ల నేర్చినవాడు కాడు.

నేర్పు అడవిలో వచ్చెను. ద్రౌపది ప్రశ్నలను, తమ్ముడగు భీముని నిష్ఠురములను ధర్మరాజు అచ్చట ఓర్పుతో వినెను. నాకంటె దుఃఖితుడైన రాజు కలడా అని ఆయన అడుగగా, బృహదశ్వ మహర్షి నలుని కథ చెప్పెను. తెలుగు భారతములో ఈ కథను రచించినవాడు నన్నయభట్టు. నలుడును జూదములోనే రాజ్యము పోగొట్టుకొనెను. ఋతుపర్ణునివలన అక్షహృదయము అను పాచికల విద్యను నేర్చి, మరల రాజ్యము పొందెను. కథ ముగిసిన పిమ్మట బృహదశ్వుడు ఆ విద్యను ధర్మరాజునకు ఉపదేశించెను. ఏ విషయమున అజ్ఞానమువలన పతనము కలిగెనో, ఆ విషయముననే ఆయన శిష్యుడయ్యెను. జూదము పేరెత్తరాదని చెవులు మూసికొనలేదు. తన తప్పు ఎదుట కూర్చుండి దానిని చదువుకొనెను.

తిక్కన రచించిన విరాటపర్వములో ధర్మరాజు కంకుడను పేరుతో విరాటరాజు కొలువులో ఆ రాజునకు జూదపు తోడుగా ఉండెను. ఒకనాడు విరాటుడు ఆటకు పిలువగా, జూదము అనేక దోషములకు మూలమని కంకుడు హెచ్చరించుచు, రాజ్యము పోగొట్టుకొనిన పాండవ జ్యేష్ఠుని కథను ఉదాహరణముగా చెప్పెను. అనగా మారుపేరు చాటున ఉండి తన తప్పును తానే మరియొకనికి పాఠముగా చెప్పెను. తప్పును దాచుట మొదటి మెట్టు. తప్పునకు ఏడ్చుట రెండవ మెట్టు. దానిని మరియొకని రక్షణకు వినియోగించుట చివరి మెట్టు. ఆ మెట్టు ఎక్కినవాడే నేర్చినవాడు.

రామాయణములోని దశరథుని కథ దీనికి ఎదురుగా నిలుచుచున్నది. యౌవనమున దశరథుడు సరయూ తీరమున చీకటిలో ఏనుగు నీరు త్రాగు శబ్దమని భ్రమించి బాణము వేసెను. అది కుండ ముంచుచున్న మునికుమారుని ప్రాణము తీసెను. దశరథుడు పారిపోలేదు. అంధులగు తల్లిదండ్రులయొద్దకు తానే పోయి, చేసినది చెప్పెను. తానే వచ్చి చెప్పినందువలననే ఆ క్షణమున ఘోరతరమైన ఫలము తప్పెనని వాల్మీకి రామాయణము చెప్పుచున్నది. కావున ఒప్పుకోలు ఆయనయందు కలదు. మరి లోపమెక్కడ? చూడక బాణము వేయరాదని నేర్చెనేమో గాని, చూడక ఏ పనియు చేయరాదని నేర్వలేదు. వృద్ధాప్యమున కైక కోపగృహమున పడియుండగా, ఆమె ఏమి అడుగునో వినకముందే, రామునిమీద ఒట్టుపెట్టి ఇచ్చెదనని మాట ఇచ్చెను. నాడు గురి చూడక బాణము విడిచెను. నేడు కోరిక వినక మాట విడిచెను. రెండు తప్పులకును వేరు ఒక్కటియే. రాముడు అడవికి పోయిన పిమ్మట, ప్రాణము విడుచు రాత్రి ఆయన ఆ పాత కథను కౌసల్యకు చెప్పి విలపించెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లయ్యెను.

చెరకు పండించిన వంశములవారికి ఈ భేదము సులభముగా తెలియును. చెరకును నేలమట్టముగా నరికినను, మోడునుండి మరల పిలకలు వచ్చును. దానినే కార్శి పంట అందురు. నరికినంత మాత్రమున తోట చావదు. ఇది ఆశ కలిగించు మాట. కాని మోడునందు తెగులున్నచో, కొత్త పిలకకును ఆ తెగులే వచ్చును. ఆకులు పచ్చగా ఉన్నవని రైతు మోసపోరాదు. మోడును పెకలించి, మంచి విత్తనపు ముక్కను నాటవలెను. పైకి కనిపించు తప్పును నరికి, వేరును విడిచిపెట్టినవాని జీవితమును ఇట్టిదే.

ఇక పూజామందిరమునందు ఈ విషయమును పరిశీలింపవలెను. ఇంటిలో దీపము వెలిగించి చేయు చిన్న పూజ మొదలు దేవాలయమునందు జరుగు పెద్ద అర్చన వరకు, చివర భక్తుడు క్షమాపణ కోరును. మంత్రమున లోపము, క్రియయందు లోపము, భక్తియందు లోపము ఉండునని ముందే అంగీకరించి, వాటిని మన్నింపుమని వేడుకొనును. వినాయకుని ఎదుట పిల్లలు చెవులు పట్టుకొని గుంజీలు తీయుదురు. తిరుమలయందు ప్రతి సంవత్సరము శ్రావణమాసమున మూడు దినములు పవిత్రోత్సవము జరుగును. ఏడాది పొడవున నిత్యపూజలలో తెలిసియు తెలియకయు దొర్లిన దోషములను పోగొట్టుటకే ఆ ఉత్సవము. శాస్త్రము చదివిన అర్చకులు సేవించు ఆ సన్నిధియందును తప్పు దొర్లవచ్చునని ఒప్పుకొని, దానికొక పండుగనే ఏర్పరచిన మతమునందు, తప్పు లేనివానివలె నటించువానికి చోటు ఎక్కడిది?

క్షమాపణ కలదు గదా అని తప్పు చేయవచ్చునా? చేయరాదు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయము పాపవిముక్తికి చెప్పిన సాధనములలో చేసినదానిని బయటికి చెప్పుటయు, పశ్చాత్తాపమును కలవు. ఇక ఇట్లు చేయనని మానుకొనుటవలననే మానవుడు శుద్ధుడగునని కూడ అది చెప్పుచున్నది. హుండీలో కానుక వేసినంతనే పొరుగువానికి చేసిన నష్టము తీరిపోదు. పొరుగువానికి నష్టము చేసినవాడు ముందుగా పొరుగువాని గుమ్మము ఎక్కవలెను. గుడి మెట్లు ఆ తరువాత. కొబ్బరికాయ కొట్టుట సులభము, అహంకారమును కొట్టుట కష్టము.

ఈ నేలమీద నడచిన ఒకరి జీవితము ఇందుకు సాక్ష్యము. 1893లో మోహనదాసు గాంధి డర్బనులో దిగెను. తొలి సంవత్సరములలో భారతీయుల హక్కులకై పోరాడుచునే, ఆఫ్రికా జనులనుగూర్చి చులకనగా వ్రాసిన మాటలు ఆయన వ్రాతలలో కలవు. వాటిని దాచుట భక్తి కాదు. 1906లో జూలూ తిరుగుబాటు కాలమున రోగులను మోయు దళముతో పోయి, కొరడా దెబ్బలు తినిన జూలూల గాయములకు ఆయన పరిచర్య చేసెను. ఆ అనుభవము తనను లోతైన ఆలోచనలో పడవేసెనని ఆత్మకథలో వ్రాసెను. 1919లో భారతదేశమున సత్యాగ్రహము హింసగా మారినప్పుడు, ప్రజలను సిద్ధపరచకముందే పిలుపునిచ్చుట తనదే హిమాలయమంత తప్పు అని బహిరంగముగా చెప్పి, ఉద్యమమును ఆపివేసెను. అందువలన ప్రజలు ఆయనను విడిచిపోలేదు. తెలుగులో ఆయన ఆత్మకథను సత్యశోధన అందురు. శోధన చేయువాడు ఓటమిని లెక్కలో వ్రాసికొనక తప్పదు.

వ్యక్తికి చెప్పిన ధర్మము దేశమునకును వర్తించును. వర్ణవివక్ష పాలన ముగిసిన పిమ్మట, 1995 నాటి చట్టము ప్రకారము ఆర్చిబిషప్ డెస్మండ్ టూటు అధ్యక్షతన సత్య సమన్వయ సంఘము ఏర్పడెను. 1996లో బహిరంగ విచారణలు ప్రారంభమయ్యెను. రాజకీయ కారణములతో చేసిన నేరమును పూర్తిగా, దాపరికము లేక చెప్పినవారు క్షమాభిక్ష కోరవచ్చును. పశ్చాత్తాపము చూపవలెనని చట్టము నిర్బంధింపలేదు. సత్యమును మాత్రము కోరెను. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులు ఆ సభలలో కూర్చుండి వినిరి. సత్యము బయటికి వచ్చుట గొప్ప విషయమే. కాని 2003లో ప్రభుత్వము బాధితులకు ఒక్కొక్కరికి ఇచ్చినది ఒక్కసారి ముప్పది వేల ర్యాండ్లు మాత్రమే. అది చాలదని బాధపడినవారు అనేకులు. ఒప్పుకోలు తలుపు తెరచును. ఇల్లు కట్టుట మిగిలియుండును. తప్పును చెప్పుట, నష్టమును పూరించుట, మరల చేయకుండుట – ఈ మూడును కలిసిననే దిద్దుబాటు పూర్తియగును.

చివరకు ఈ ఆలోచన తెలుగు గృహములోనికి రావలెను. నేటాలు తెలుగువారిలో భాష తరతరమునకు సన్నగిల్లెను. దానికి కారణములు అనేకములు. బడిలో ఇంగ్లీషు, పనిలో ఇంగ్లీషు, ఇరుగు పొరుగున ఇతర భాషలు. వీటిలో చాలవరకు పరిస్థితులు తెచ్చిపెట్టినవే, తప్పు అనుటకు వీలులేనివి. 1931లో స్థాపింపబడిన ఆంధ్ర మహాసభయు, గుడులలో సాయంకాలము జరిగిన తరగతులును ఆ ప్రవాహమునకు ఎదురీదినవి. అయినను కారణములలో ఒకటి మాత్రము ఇంటిలోనే పుట్టినది. దానిని తప్పు అనియే ఒప్పుకొనవలెను.

అట్టి ఒక ఇంటిని ఊహింపవచ్చును. పెండ్లి పందిరిలో బంధువులు కూర్చుండియుండగా ఏడేండ్ల బాలుడు పరుగున వచ్చి ‘తాత వచ్చింది’ అనెను. పందిరి అంతయు నవ్వెను. తండ్రియు నవ్వెను, నలుగురిలో ఆ మాటను రెండు మూడు సార్లు చెప్పి నవ్వించెను. అందు ద్వేషము ఏమియు లేదు. కాని ఆ బాలుడు ఆనాటినుండి తెలుగు నోట పలుకలేదు. అడిగినదానికి ఇంగ్లీషులో బదులు చెప్పెను. నలువదేండ్లు గడచెను. ఆసుపత్రిలో అవ్వ మంచము ప్రక్క కూర్చుండగా, ఆమె అతని చేయి పట్టుకొని ఏదో చెప్పెను. ‘నాయనా’ అను మాట ఒక్కటియే అతనికి తెలిసెను. తక్కినది తెలియలేదు. తెల్లవారుసరికి అవ్వ లేదు. ఆ మాటలను ఏ నిఘంటువు ఇప్పుడు తెచ్చి ఇచ్చును?

ఒక నవ్వునకు ఇంత వెల యుండునని ఆ తండ్రి ఎరుగడు. పసివాని తప్పటడుగునకు అరిసెలు పంచిన చేతులే, పసివాని తప్పుమాటకు చప్పట్లు కొట్టక వ్రేలు చూపినవి. తప్పును సహింపని ఇంటిలో ఎవ్వరును నోరు తెరువరు. నోరు తెరువని ఇంటిలో భాష నిలువదు, భజన నిలువదు, ప్రశ్న నిలువదు. మతమును అంతే. ఆచారములో పొరపాటు పడిన కోడలిని నలుగురిలో కించపరచిన అత్త, ఆ కోడలిని దిద్దలేదు. దీపమునుండి దూరము చేసినది.

ఆ కథకు తరువాయి ఉండవలెను. యాబది యేండ్లు దాటిన ఆ మనుమడు గుడి తరగతిలో చిన్నపిల్లల నడుమ కూర్చుండి గుణింతములు దిద్దుచున్నాడని అనుకొందురుగాక. అతడును తప్పులు వ్రాయుచున్నాడు. పిల్లలు నవ్వుదురు, అతడును నవ్వును. ఒక శనివారము మనుమరాలు పరుగున వచ్చి ‘అవ్వ వచ్చాడు’ అనును. అతడు ఒక క్షణము ఆగును. పందిరిలోని నవ్వు అతని చెవిలో మ్రోగును. పిమ్మట మెల్లగా, ‘ఔనమ్మా, అవ్వ వచ్చింది. ఎంత చక్కగా చెప్పినావు!’ అని ఆమె చేతిలో ఒక లడ్డు పెట్టును. తండ్రి చేసిన తప్పు ఆ క్షణమున దిద్దబడినది. పోయిన అవ్వ మాటలు తిరిగి రావు. కాని రాబోవు మాటలకు దారి ఏర్పడినది. ధర్మరాజు అడవిలో నేర్చిన విద్య ఇదియే.

1996లో ఆమోదింపబడిన దక్షిణాఫ్రికా రాజ్యాంగము గౌరవింపవలసిన భాషలలో తెలుగును పేర్కొనెను. కాని అందు ఆ పేరు ‘టెలెగు’ అని అచ్చైనది. దేశపు మహాశాసనమునందే అక్షరదోషము! దీనికి కోపింప పనిలేదు. పేరు కొంచెము తప్పినను గౌరవము తప్పలేదు. ఆ అక్షరమును నిజముగా దిద్దగలవారు తెలుగు మాటలాడు పిల్లలు. వారు ఉన్నచో అచ్చుతప్పు అచ్చుతప్పుగానే మిగులును. వారు లేనిచో సరిగా అచ్చు వేసినను ప్రయోజనము లేదు.

కావున పెద్దలు తమ తప్పును పిన్నల ఎదుట ఒప్పుకొనుటకు వెనుదీయరాదు. తండ్రి కుమారునితో ‘నేను పొరబడితిని నాయనా’ అనినంత మాత్రమున తండ్రి చిన్నవాడు కాడు. తప్పు చేసినవాడు ఏమి చేయవలెనో కుమారుడు ఆనాడు చూచి నేర్చును. పిన్నలు పడిపోవుదుమను భయముతో నడక మానరాదు. ప్రతి రాత్రి దీపము కొండెక్కకముందు, నేడు ఎచ్చట దారి తప్పితిని, దాని వేరు ఏది, ఎవరి గుమ్మము ఎక్కవలెను అని ప్రతివారును ఒకసారి తలచుకొన్నచో, అదియే ఇంటింటి పవిత్రోత్సవము.

పడినవారిని లేవనెత్తు చేతులను, నేర్చువారిని చూచి సంతోషించు మనస్సును, తన తప్పును తాను దిద్దుకొను ధైర్యమును ఆ శ్రీ వేంకటేశ్వరస్వామి ప్రతి గృహమునకును ప్రసాదించుగాక!

శుభం భూయాత్.